జన్మస్థలమూ పౌరసత్వమూ : ఒక పరిశీలన

కిందటి విద్యాసంవత్సరంలో ఒకనాడు పదవ్యుత్పత్తుల పాఠం చెబుతూ నల్లబల్లమీద 'పౌరుడు' అన్న మాట వ్రాశాను. పురమందుండువాడు పౌరుడని వివరించాను. ముందు వరుసలో కూర్చున్న ఒక విద్యార్థి లేచి, "సార్, ఉర్దూలోనూ అంతే కదా! షహర్ నుంచే షహ్రీ, షహ్రియత్ అన్న మాటలు వచ్చాయి" అన్నాడు. ఆంగ్లంలో 'సిటీ'కీ 'సిటిజన్'కూ ఉన్న బంధుత్వం కూడా ఇటువంటిదే. మూడు భాషలూ ఒకే భావాన్ని ఒకే మూలం నుండి తీసుకోవడం అందరికీ ముచ్చట గొలిపింది. ఇంతలో వెనుక వరుస నుండి మరొక ప్రశ్న వచ్చింది: "మరి పల్లెలో పుట్టినవాడి సంగతేమిటి సార్? అసలు ఈ దేశంలో పుడితే చాలునా, ఇంకేమైనా కావాలా?"

తరగతి అంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. మొదటి సగం చమత్కారమే గాని, రెండవ సగానికి ఆనాడు సరియైన సమాధానం నా దగ్గర లేదు. చాలుననే అనుకుంటూ వచ్చాను. తీరా చట్టాన్ని తెరిచి చూచిన తరువాత ఆ అభిప్రాయం పూర్తిగా సరికాదని తెలిసింది. ఆ విద్యార్థికి ఆలస్యంగా ఇస్తున్న సమాధానమే ఈ వ్యాసం.

1. ప్రజ, పౌరుడు

పౌరసత్వాన్ని నిర్ణయించడానికి లోకంలో ప్రధానంగా రెండు సూత్రాలున్నాయి. పుట్టిన నేలను బట్టి నిర్ణయించేది జన్మస్థల సూత్రం. లాటిన్ పరిభాషలో దానిని 'జస్ సోలి' అంటారు. తల్లిదండ్రులను బట్టి నిర్ణయించేది రక్తసంబంధ సూత్రం. దానికి 'జస్ సాంగ్వినిస్' అని పేరు. మొదటిది "నీవెక్కడ పుట్టావు?" అని అడుగుతుంది. రెండవది "నీవెవరి బిడ్డవు?" అని అడుగుతుంది. చాలా దేశాల చట్టాలు ఈ రెంటినీ ఏదో ఒక పాళ్ళలో కలిపి వాడుకుంటున్నాయి.

జన్మస్థల సూత్రం స్వాతంత్ర్య భావన నుండి పుట్టలేదన్న సంగతి గమనింపదగినది. అది రాచరికం నుండి పుట్టింది. రాజుగారి నేలపై పుట్టినవాడు పుట్టుకతోనే రాజుకు విధేయుడు, అందుకు బదులుగా రాజు అతనికి రక్షణ ఇస్తాడు అన్నదే దాని మొదటి రూపం. 1603లో స్కాట్లండు రాజు జేమ్సు ఇంగ్లండు సింహాసనం కూడా అధిష్ఠించాడు. ఆ తరువాత స్కాట్లండులో పుట్టిన ఒక బిడ్డకు ఇంగ్లండులో భూమిహక్కు ఉంటుందా అన్న వివాదం వచ్చింది. ఆ బిడ్డ ఇంగ్లండుకు పరాయివాడు కాడని 1608లో న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. కాల్విన్ కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పుకు సర్ ఎడ్వర్డ్ కోక్ వ్రాసిన వివరణ తరువాతి శతాబ్దాల ఆంగ్ల న్యాయశాస్త్రానికి పునాది అయింది.

ఈ సందర్భంలో మన భాషలోని ఒక మాట జ్ఞాపకం చేసుకోవాలి. 'రైతు' అన్నది అచ్చ తెలుగు మాటవలె మనలో కలిసిపోయింది. దాని మూలం అరబీలోని 'రయ్యత్'. కాపరి కాపాడే మంద అన్నది దాని పూర్వార్థం. ఏలిక కింద ఉన్న ప్రజ అన్నది తరువాతి అర్థం. రయ్యత్ స్థితి నుండి షహ్రీ స్థితికి, ప్రజ స్థితి నుండి పౌరుని స్థితికి మానవుడు నడిచిన దారే ఆధునిక రాజనీతి చరిత్ర. ఆ నడకలో జన్మస్థల సూత్రం కూడా తన స్వభావాన్ని మార్చుకొన్నది. రాజుకు విధేయతగా ఆరంభమై, ప్రజాస్వామ్యంలో అది వ్యక్తి హక్కుగా మారింది.

2. ఒక వంటవాని తీర్పు

ఆ మార్పు ఎంత కష్టంమీద వచ్చిందో అమెరికా చరిత్ర చెబుతుంది. నల్లజాతివారు స్వేచ్ఛ పొందినవారైనా సరే, అమెరికా పౌరులు కాజాలరని అక్కడి సుప్రీంకోర్టు 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో తీర్పు చెప్పింది. తరతరాలుగా ఆ నేలపైనే పుట్టి, ఆ నేలనే దున్ని, ఆ నేలలోనే కలిసిపోయినవారికి ఆ నేలపై హక్కు లేదని దాని అర్థం. అంతర్యుద్ధం ముగిసిన తరువాత 1868లో వచ్చిన 14వ రాజ్యాంగ సవరణ ఆ తీర్పును తుడిచివేసింది. అమెరికాలో పుట్టి దాని అధికార పరిధిలో ఉన్న ప్రతి వ్యక్తీ పౌరుడేనని ప్రకటించింది.

అయితే ఈ 'ప్రతి వ్యక్తి'లో ఎవరెవరు చేరుతారు? ఆ ప్రశ్నకు జవాబు రాబట్టినవాడు వాంగ్ కిమ్ ఆర్క్ అనే ఒక వంటవాడు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో చైనీయ దంపతులకు పుట్టినవాడు. చైనా కార్మికుల రాకను నిషేధిస్తూ 1882లో అమెరికా చట్టం చేసింది. చైనావారికి పౌరసత్వం ఇవ్వరాదని కూడా ఆ చట్టం శాసించింది. వాంగ్ చైనా వెళ్ళి 1895లో తిరిగి వచ్చినప్పుడు, నీవు పౌరుడవు కావని అధికారులు ఓడ దిగనీయలేదు. తాను పుట్టిన ఊరి రేవులోనే ఓడలపై నిర్బంధంలో గడిపి అతడు న్యాయస్థానంలో పోరాడాడు. తల్లిదండ్రులు పౌరులు కాకపోయినా, కావడానికి అర్హులు కాకపోయినా, ఆ నేలపై పుట్టిన బిడ్డ పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఇద్దరు న్యాయమూర్తులు మాత్రం విభేదించారు.

ఇక్కడ ఒక వైచిత్రి కూడా ఉన్నది. ఆ నేలకు ఆదివాసులైన రెడ్ ఇండియన్ తెగలవారికి మాత్రం ఈ సూత్రం వర్తించదని 1884లోనే అదే న్యాయస్థానం చెప్పి ఉన్నది. వారందరికీ పౌరసత్వం 1924లో ప్రత్యేక చట్టం ద్వారా గాని రాలేదు. 'పుట్టిన ప్రతివాడూ' అన్న మాట పుస్తకంలో చేరినంత మాత్రాన జీవితంలో చేరదన్నమాట.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. భారతీయులు శ్వేతజాతివారు కారు గనుక అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవడానికి అనర్హులని 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో తీర్పు వచ్చింది. 1946 వరకు ఆ తలుపు మూసే ఉన్నది. కాని ఆ కాలంలో అక్కడ పుట్టిన భారతీయుల బిడ్డలకు మాత్రం వాంగ్ కేసు పుణ్యమా అని పౌరసత్వం లభించింది. నేడు తెలుగుదేశపు పల్లెపల్లె నుండి యువకులు ఉద్యోగాల కొఱకు అమెరికా వెళ్ళి ఉన్నారు. తాత్కాలిక వీసాలపై ఉన్నవారికి, అనుమతి లేక ఉన్నవారికి పుట్టే బిడ్డలకు పౌరసత్వం వర్తించదంటూ 2025 జనవరిలో అక్కడి అధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేసినప్పుడు, ఆ వార్త మన ఊళ్ళలోని తాతయ్యలను, నానమ్మలను కూడా కలవరపెట్టింది. న్యాయస్థానాలు ఆ ఉత్తర్వును అడ్డగించగా వివాదం అక్కడి సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. వంటవాడు వాంగ్ గెలిచిన కేసు మన తెలుగు తల్లుల ఒడిలోని బిడ్డల కేసు కూడా అయింది.

3. మన రాజ్యాంగకర్తల దృష్టి

1947 ఏప్రిల్ 29న రాజ్యాంగ పరిషత్తులో ప్రాథమిక హక్కుల నివేదికపై చర్చ జరిగింది. భారతదేశంలో పుట్టినవారందరికీ పౌరసత్వం అన్న ప్రతిపాదన మరీ ఉదారంగా ఉన్నదని కొందరు సభ్యులు శంకించారు. అప్పుడు సర్దార్ వల్లభభాయి పటేల్ ఇచ్చిన సమాధానం నేటికీ మననం చేయదగినది. లోకంలో విశాలమైన జాతీయత, సంకుచితమైన జాతీయత అని రెండు భావాలున్నాయనీ, దక్షిణాఫ్రికాలో పుట్టిన భారతీయులకు అక్కడి జాతీయత కావాలని కోరుతున్న మనం మన ఇంట సంకుచితంగా ఉండరాదనీ ఆయన వాదన సారాంశం. 1860 నుండి మద్రాసు రేవు ద్వారా నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవారిలో తెలుగువారు కూడా ఎందరో ఉన్నారు. కనుక సర్దార్ ప్రస్తావించిన ఆ బిడ్డలలో మన బిడ్డలూ ఉన్నారు. పరాయి దేశంలో మనం కోరేదానినే మన దేశంలో పరాయివానికి ఇవ్వాలన్న ఈ ధర్మం చిన్నది కాదు.

రాజ్యాంగంలో పౌరసత్వానికి 5 నుండి 11 వరకు అధికరణాలు ఉన్నాయి. భవిష్యత్తులో చట్టం చేసే అధికారాన్ని 11వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ ప్రకారం 1955లో పౌరసత్వ చట్టం వచ్చింది. జన్మతః పౌరసత్వాన్ని నిర్ణయించేది దానిలోని 3వ సెక్షను. విదేశీ రాయబారుల సంతానం వంటి ఒకటి రెండు మినహాయింపులు దానిలో మొదటి నుండీ ఉన్నాయి.

4. ఒకే ఇంట నాలుగు సూత్రాలు

చట్టంలోని మార్పులను కేవలం తేదీలుగా చెబితే విద్యార్థులకు జ్ఞాపకం ఉండవు. కనుక మా ఇంటినే ఉదాహరణగా తీసుకొంటాను.

మా తాతగారు నిజాము పాలనలో నల్లగొండ జిల్లాలో పుట్టారు. ఆయన ట్రంకుపెట్టెలో ఒక ముల్కీ సర్టిఫికెట్టు ఉండేది. ముల్క్ అంటే రాజ్యం, ముల్కీ అంటే ఆ రాజ్యానికి చెందినవాడు. 1919లో ఏడవ నిజాము ఫర్మానా ద్వారా వచ్చిన ఆ నిబంధనలు ప్రభుత్వోద్యోగాలను స్థానికులకు ప్రత్యేకించాయి. జన్మతః హైదరాబాదు సంస్థాన ప్రజ అయినవారు, కనీసం 15 సంవత్సరాలు స్థిరనివాసం చేసి తిరిగిపోయే ఆలోచన విడిచినవారు మున్నగువారు ముల్కీలు. అది ఉద్యోగార్హతే గాని నేటి అర్థంలో పౌరసత్వం కాదు. 1972లో సుప్రీంకోర్టు తీర్పు, ఆ వెంట రేగిన ఆందోళనలు, 1973లో ఆ నిబంధనల రద్దు మన పెద్దలు ఎరిగినవే. రాజ్యాంగం అమలులోకి వచ్చేనాటికి భారత భూభాగంలో స్థిరనివాసం ఉండి, ఆ భూభాగంలోనే పుట్టినవారు గనుక 5వ అధికరణం ప్రకారం మా తాతగారు భారత పౌరులయ్యారు.

మా నాన్నగారు 1958లో పుట్టారు. 1950 జనవరి 26 నుండి 1987 జూన్ 30 వరకు ఈ దేశంలో పుట్టినవారికి పుట్టుక ఒక్కటే చాలును. తల్లిదండ్రులు ఎవరని చట్టం అడగదు.

నేను 1989లో పుట్టాను. 1986లో చేసిన సవరణ 1987 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. ఆనాటి నుండి ఇక్కడ పుట్టడంతోపాటు, పుట్టేనాటికి తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి.

మా అమ్మాయి 2004 డిసెంబరు 3 తరువాత పుట్టింది. 2003లో చేసిన సవరణ అమలులోకి వచ్చిన తేదీ అది. దాని ప్రకారం తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి. లేదా ఒకరు పౌరులై, రెండవవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. మన కళాశాలలో నేడు చదువుతున్నవారిలో అత్యధికులు ఈ కోవకు చెందినవారే. 2019లో వచ్చిన మరొక సవరణ 3వ సెక్షను వాక్యాన్ని మార్చలేదు. అయితే మూడు పొరుగు దేశాల నుండి 2014 డిసెంబరు 31లోపు వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవులను అక్రమ వలసదారులుగా పరిగణించరాదన్నది. ఆ జాబితాలో ముస్లింలు లేరు. ఈ విధంగా 'అక్రమ వలసదారు' అన్న మాటకు అర్థం మతాన్ని బట్టి మారింది. ఆ మాట 3వ సెక్షనులోనూ ఉన్నది గనుక విద్యార్థులు ఈ సంబంధాన్ని గుర్తించాలి.

ఇప్పుడు ఈ నాలుగు మెట్లనూ కింది నుండి ఎక్కి చూడండి. మా అమ్మాయి తన పౌరసత్వాన్ని నిరూపించుకోవాలంటే నా పౌరసత్వాన్ని చూపాలి. నేను నాది నిరూపించుకోవాలంటే మా నాన్నగారిదో, అమ్మదో చూపాలి. మా నాన్నగారు తాను పుట్టిన చోటును చూపితే చాలును. కనుక మా అమ్మాయి హక్కు కూడా చివరకు 1958లో ఒక పల్లెటూరి పెంకుటింటిలో జరిగిన ఒక ప్రసవం మీద ఆధారపడి ఉన్నది. రక్తసంబంధాన్ని ఎంత దూరం వెనుకకు తీసుకొనిపోయినా అది ఒకచోట నేలను తాకక తప్పదు.

ఆ నేలను తాకేచోటనే చిక్కు. మా నాన్నగారిని కన్నది ఇంటిలో, పురుడు పోసింది ఊరి మంత్రసాని. ఆమె చదువురానిది. ఆసుపత్రి లేదు, పత్రం లేదు. బడిలో చేర్చిననాడు ఉపాధ్యాయులు ఉజ్జాయింపుగా జూలై 1 అని పుట్టినతేదీ వేశారు. ఆ తరం వారిలో వేలమందికి పుట్టినరోజు జూలై 1 కావడానికి కారణం ఇదే. దేశమంతటికీ వర్తించే జనన మరణాల నమోదు చట్టం 1969లో గాని రాలేదు. చట్టం దృష్టిలో అన్నింటికన్న సులభమైన అర్హత కలవారే, కాగితం దృష్టిలో అన్నింటికన్న బలహీనులుగా నిలవడం ఇందులోని విషాదం.

5. బర్మా క్యాంపు చెప్పే పాఠం

నేల హక్కు లేకపోతే ఏమి జరుగుతుందో తెలుసుకోవాలంటే విశాఖపట్నంలోని బర్మా క్యాంపుకు వెళ్ళాలి. ఉత్తర సర్కారు జిల్లాల నుండి తెలుగువారు పందొమ్మిదవ శతాబ్దంలో బర్మా వెళ్ళి రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడివారు వీరిని కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో రంగూను రేవు పనుల విషయంలో చెలరేగిన అల్లర్లలో అనేకులు హతులయ్యారు. 1942లో జపాను దండయాత్ర వచ్చినప్పుడు వేలాదిమంది కాలినడకన తిరిగివచ్చారు. మిగిలినవారిలో ఎందరో 1960ల నాటి జాతీయీకరణ తరువాత ఓడలెక్కారు. అటువంటి కాందిశీకులకు నీడనిచ్చిన స్థలం పేరే నేటికీ బర్మా క్యాంపు.

వారిలో ఎందరో బర్మాలోనే పుట్టినవారు. వారికి తెలిసిన నేల అదే. అయినా ఆ నేల వారిని తనవారనలేదు. 1982లో బర్మా చేసిన చట్టం పూర్తి పౌరసత్వానికి ప్రధానంగా 1823కు ముందునుండి స్థిరపడిన జాతులలో పుట్టుకను ప్రమాణంగా పెట్టింది. అనగా బిడ్డ పుట్టుకను గాక నూట యాభై ఏళ్ళ నాటి పూర్వీకుని చిరునామాను అడిగింది. ఆ చట్టం నీడలోనే రోహింగ్యాలు ఏ దేశానికీ చెందనివారయ్యారు. 2013లో డొమినికన్ రిపబ్లిక్ రాజ్యాంగ న్యాయస్థానం 1929 నుండి అక్కడ పుట్టిన హైతీ మూలాలవారి పౌరసత్వాన్ని ప్రశ్నార్థకం చేసినప్పుడు కూడా జరిగింది ఇదే. నిద్రపోయినప్పుడు పౌరులుగా ఉన్నవారు లేచేసరికి పరాయివారయ్యారు.

6. ఆక్షేపణలు, సమాధానాలు

జన్మస్థల సూత్రంపై ఆక్షేపణలు లేకపోలేదు. పుట్టుక కేవలం యాదృచ్ఛికం, అటువంటి దానికి ఇంత విలువ ఎందుకు అని కొందరంటారు. సరిహద్దులను కాపాడుకోవలసిన బాధ్యత ప్రతి రాజ్యానికీ ఉన్నదని మరికొందరంటారు. రెండవ మాట కాదనరానిది. బ్రిటన్ 1983 నుండి, ఐర్లండు 2005 నుండి తమ చట్టాలలో తల్లిదండ్రుల స్థితిని కూడా చేర్చాయి. జర్మనీ మాత్రం ఎదురు దిశలో నడిచింది. రక్తసంబంధాన్నే నమ్ముకొన్న ఆ దేశం 2000 సంవత్సరం నుండి, స్థిరనివాసులైన విదేశీయుల బిడ్డలకు కొన్ని నియమాలపై జన్మస్థల హక్కు ఇచ్చింది. కనుక ఇది నాగరిక దేశాల మధ్య ఇంకా తేలని చర్చయే.

నా అభిప్రాయం ఇది. పుట్టుక యాదృచ్ఛికమన్నది నిజమే. అయితే ఫలానా తండ్రికి పుట్టడం మాత్రం యాదృచ్ఛికం కాదా? ఆ రెంటిలోనూ బిడ్డ ప్రమేయం లేదు. తేడా ఒక్కటే. నేలకు కులం లేదు, మతం లేదు, వంశం లేదు. తండ్రి పేరు అడగని హక్కు ఒక్కటైనా లోకంలో ఉండడం మంచిది. సరిహద్దు దాటినవాడు తప్పు చేసి ఉండవచ్చు. కాని పుట్టిన బిడ్డ ఏ సరిహద్దునూ దాటలేదు.

మన రాజ్యాంగంలోని 15వ అధికరణం పౌరుల మధ్య మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా వివక్ష చూపరాదన్నది. పుట్టినచోటు పౌరసత్వంలోనికి ప్రవేశించే ద్వారం కావచ్చును గాని, లోపలివారిని వేరుచేసే గోడ కారాదని దాని భావం.

7. విద్యార్థులకు, పెద్దలకు ఒక మనవి

చట్టం తల్లిదండ్రుల వైపు జరిగినకొద్దీ కాగితానికి విలువ పెరుగుతుంది. ఇది భయపడవలసిన విషయం కాదు, శ్రద్ధ వహించవలసిన విషయం. ఇంటిలో బిడ్డ పుడితే 21 రోజులలో నమోదు చేయించండి. 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నాటినుండి పుట్టినవారికి విద్యాలయ ప్రవేశం, ఓటర్ల జాబితా, పాస్‌పోర్టు మున్నగువాటికి జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి, స్థలానికి ఆధారం. ఆధార్ కార్డు పౌరసత్వానికి రుజువు కాదని దాని చట్టమే చెబుతున్నది.

భాషోపాధ్యాయునిగా మరొక మాట. మన ఇళ్ళలో ఒకే పేరు ఉర్దూలో ఒక విధంగా, తెలుగులో ఒక విధంగా, ఆంగ్లంలో మూడు విధాలుగా ఉంటుంది. తండ్రి కాగితంలో మహమ్మద్, కొడుకు కాగితంలో మొహమ్మద్, మార్కుల జాబితాలో ఎం.డి. తల్లి ఒకచోట బేగం, మరొకచోట బీ. తరానికీ తరానికీ మధ్య ఉన్న లంకె ఇటువంటి ఒక్క అక్షరం దగ్గర తెగిపోగలదు. వర్ణక్రమదోషాన్ని పరీక్షలో దిద్దితే ఒక మార్కు పోతుంది, అంతే. జీవితంలో దిద్దుకోకపోతే పోయేది మార్కు కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం: ప్రవేశాల సమయంలో ఒక వారంపాటు ఇద్దరు అధ్యాపకులను నియమించి, విద్యార్థుల జనన పత్రాలలోను, తల్లిదండ్రుల పత్రాలలోను పేర్లు సరిపోలుతున్నవో లేవో చూచి, సవరణ దరఖాస్తులు వ్రాసిపెట్టే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. ఉర్దూ తెలిసినవారొకరు, తెలుగు తెలిసినవారొకరు ఉంటే చాలును. అందులో మొదటి పేరు నాదిగా వ్రాసుకోవచ్చును.

ఇక వెనుక వరుసలోని ఆ విద్యార్థికి నా సమాధానం. నాయనా, మీ తాతగారికి, నాన్నగారికి ఈ దేశంలో పుట్టడమే చాలింది. నీకు పుట్టుకతోపాటు వారి జ్ఞాపకం కూడా కావలసి ఉన్నది. ఈ సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు వారు ఏ ఊరిలో, ఏ ఇంటిలో, ఎవరి చేతులమీదుగా పుట్టారో అడిగి తెలుసుకో. అడిగి ఒక కాగితంమీద వ్రాసి ఉంచు. పల్లెలో పుట్టినవాడు కూడా పౌరుడేనని అప్పుడు నీకు ఎవరూ చెప్పనక్కరలేదు.